నీటిపక్షుల చెంతకు
(కిరండూలులోని తెలుగువారి సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



ఈ సభ జరుగుచున్న ఊరు సామాన్యమైనది కాదు. కొత్తవలసలో బయలుదేరిన రైలుమార్గము తూర్పుకనుమల నెక్కి, అరకులోయ దాటి, కోరాపుట్, జయపురము, జగ్దల్‌పూర్‌ల మీదుగా 440 కిలోమీటర్లకు పైగా సాగి ఇచ్చట ముగియుచున్నది. ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు, అచ్చటనుండి జపాను దేశమునకు చేరవేయుటకై 1960 దశకమున ఆ మార్గము నిర్మితమైనది. 1968లో బైలాడిలా 14వ నిక్షేపమున గని పని ఆరంభమైనది. నాటినుండి తెలుగు కుటుంబములు ఈ కొండల నీడకు వచ్చి స్థిరపడినవి. ఈ కొండల శిఖరము ఎద్దు మూపురమువలె నుండుటచే బైలాడిలా అను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఈ ఎద్దును గూర్చి మరికొంతసేపటికి మరల ప్రస్తావించెదను.

నేడు నేనెన్నుకొన్న విషయము నీటిపక్షులను దగ్గరగా ఛాయాచిత్రములు తీయుట, తీసిన చిత్రములను మెరుగుపరచుట. ఇది ఉద్యోగులకు, వారి కుటుంబములకు ఏల అని మీరు అడుగవచ్చును. నేను శాస్త్రజ్ఞుడను కాను. కళాశాలలో సాహిత్యము, చరిత్ర చదివి, పిదప దస్త్రముల నడుమ కాలము గడుపుచున్నవాడను. అయినను ఈనాడు కెమెరా లేని ఇల్లు లేదు. చరవాణి చేతబట్టిన ప్రతివాడును ఛాయాగ్రాహకుడే. పెండ్లిలో వధూవరులు మనకొరకు నిలబడుదురు. పండుగనాడు పిల్లలు, కొంత బుజ్జగించినచో, నిలబడుదురు. చెరువుగట్టున కొంగ మాత్రము నిలబడదు. మనము కెమెరా నెత్తునంతలో అది రెక్క విప్పును. ఇంటికి వచ్చి చూచుకొన్నచో విశాలమైన నీటి నడుమ ఒక తెల్లని చుక్క కనబడును. ఆ చుక్కను పెద్దదిగా చేసి చూపినప్పుడు, ఇది కొంగయా, గుడ్డపేలికయా యని ఇంటివారు అడుగుదురు. ఈ చిక్కునకు పరిష్కారము కెమెరా దుకాణములో దొరకును అనుకొనువారు పెక్కుమంది. దుకాణములో సగమైనను దొరకదని మనవి చేయుటకే నేను వచ్చితిని.

మొదట పక్షి మనలను చూచి ఏల బెదరునో ఆలోచింతము. ప్రతి పక్షికిని తనకును మనుష్యునకును నడుమ కంటికి కానరాని గీటు ఒకటి ఉండును. ఆ గీటునకు ఆవల మనమున్నంతసేపు అది తన మేత తాను మేయును. గీటు దాటితిమా, మేత మాని మనలను కనిపెట్టును. ఇంకను ముందునకు సాగితిమా, ఎగిరిపోవును. విశేషమేమనగా ఈ గీటు పక్షిజాతిని బట్టి మాత్రమే కాక, ఊరిని బట్టి కూడ మారుచుండును.

గుంటూరు సమీపమున ఉప్పలపాడు అను గ్రామము కలదు. అచ్చటి చెరువులో గూడబాతులు ఇండ్లకు కూతవేటు దూరమున చెట్లపై గూళ్లు కట్టుకొని, మనుష్యుల అలికిడిని లెక్కచేయక పిల్లలను పెంచుచున్నవి. హిందూపురము వైపున వీరాపురమున ఎర్రకాళ్ల కొంగలు ఊరినడుమ చింతచెట్లనే ఆశ్రయించును. చెట్టు క్రింద బండి విప్పుదురు, పిల్లలు ఆడుకొందురు. చెట్టుమీద కొంగపిల్లలు అరచుచుండును. శ్రీకాకుళము సీమలో టెక్కలి చేరువ తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురము చేరువ తేలుకుంచిలో నత్తలను మేయు చీలుముక్కు కొంగలు ఏటేట గూళ్లు కట్టును. వాని రాకను ఊరివారు శుభమని భావింతురు. ఇవి సైబీరియా నుండి వచ్చినవను మాట లోకమున ప్రచారములో నున్నది గాని అది సరికాదు. గూడు కట్టి పిల్లలను పెంచు చోటే పక్షికి స్వదేశము. మన గూడబాతు భారతదేశము, సింహళము, ఆగ్నేయాసియా ప్రాంతములకు చెందినదే. ఎర్రకాళ్ల కొంగయు, చీలుముక్కు కొంగయు అట్టివే. అవి విదేశీ అతిథులు కావు, ఇంటి ఆడపడుచులు. వానకాలము, నీటి నిలువలు, చేపల సమృద్ధి చూచుకొని పుట్టింటికి వచ్చుచుండును.

అదే జాతి కొంగ ఆ ఊరి పొలిమేర దాటి, ఉండేలు పట్టిన పిల్లలు, ఉచ్చులు పన్నినవారు తిరుగాడు చెరువున వ్రాలినప్పుడు నూరు గజముల దూరముననే లేచిపోవును. కొంగ ఒక్కటే, గుండె ఒక్కటే, మారినది మనుష్యుని నడవడి. కావున పక్షి బెదరు అనునది ఆ ప్రాంతమున మనవారు గడించిన పేరుప్రతిష్ఠలకు కొలమానము. మనము తీయబోవు చిత్రము బాగుగా రావలెనన్న మొదట ఆ పేరును కాపాడుకొనవలెను. ఒక ఛాయాగ్రాహకుడు పక్షిని తరిమి తరిమి చిత్రము తీసినచో, అతని వెనుక వచ్చు పదిమందికి ఆ గీటు మరింత దూరముగా జరుగును.

ఇక సమీపించు విధానము. మన భాషలో 'కొంగజపము' అను మాట కలదు. దొంగభక్తునకు మనము పెట్టిన పేరది. కాని కొంగ దృష్టితో చూచినచో అది దొంగతనము కాదు, వృత్తిధర్మము. కొంగ చేపను తరుమదు. చేప వచ్చు చోటు ఎరిగి, అచ్చట ముందుగా నిలిచి, కదలక మెదలక కాచుకొనును. నీటిపక్షుల ఛాయాచిత్రకళలో మొదటి పాఠమును నీటిపక్షియే నేర్పుచున్నది. మనము పక్షి యొద్దకు పోరాదు. పక్షి వచ్చు చోటికి ముందుగా పోయి కూర్చుండవలెను.

సూర్యోదయమునకు అరగంట ముందే గట్టు చేరి, పొదకో రాతికో వీపు ఆనించి కూర్చుండుడు. ఆకాశమునకు ఎదురుగా మన ఆకారము నిటారుగా కనబడినచో పక్షికి అది అపాయసూచన. వెనుక పొద యున్నచో మన రూపు అందులో కలసిపోవును. తెల్లచొక్కాలు, మెరయు గడియారములు, గలగలలాడు గాజులు ఆ పూటకు వలదు. ఈ ఊరి ఎర్రమట్టిలో నాలుగు మారులు ఉతికిన ఖాకీ చొక్కాను మించిన మారువేషము లేదు. మొదటి అరగంట ఏమియు జరుగదు. రెండవ అరగంటలో పక్షులు మనలను గట్టులో భాగముగా లెక్కించుట మొదలిడును. అప్పుడు కెమెరాను కంటికి ఎత్తుట గూడ గడియారపు పెద్దముల్లు కదలినట్లు ఉండవలెను. మొదటినుండియు కంటి యెత్తుననే ముక్కాలి పీటపై నిలిపి యుంచినచో మరియు మంచిది.

ఎప్పుడైనను నడచి సమీపింపక తప్పదన్నచో సూటిగా నడువరాదు. సూటిగా వచ్చునది వేటజంతువని పక్షికి తెలియును. ఏటవాలుగా, దానిని దాటిపోవు బాటసారివలె, కన్నులలోనికి చూడక, వంగి నడువవలెను. పది అడుగులు వేసి ఆగవలెను. పక్షి తల ఎత్తినచో, దించువరకు ఆగవలెను. మేత మాని మెడ నిక్కించుట, ఒడలు సన్నగా బిగించుట, తల పైకి క్రిందికి ఆడించుట, గాలికి ఎదురు తిరుగుట, రెట్ట వేయుట — ఇవి 'ఇక చాలు' అని పక్షి చెప్పు మాటలు. ఈ మాటలు వినినవాడు రెండడుగులు వెనుకకు వేయును. పక్షి మరల మేతకు దిగును. వినని వానికి దాని వెనుకభాగపు చిత్రము దక్కును.

మనుష్యుని ఆకారము మరుగుపరచుకొనుట ఈ కళలో పాత ఉపాయము. ఇంగ్లండులో రిచర్డ్ కేర్టన్, చెరీ కేర్టన్ అను అన్నదమ్ములు 1892లో గ్రుడ్లతోగూడిన పక్షిగూటి చిత్రము తీసి ఈ మార్గమునకు ఆద్యులైరి. పక్షులు పశువులను చూచి బెదరకుండుట గమనించి, 1900 ప్రాంతమున వారు ఒక ఎద్దు చర్మమును బోలుగా కుట్టించి, ఆ బొమ్మలో మనిషియు కెమెరాయు దూరునట్లు చేసి, మైదానమున నిలిపిరి. మూపురమున్న ఎద్దు పేరు గల కొండ నీడన కాపురముండు మీకు ఈ కథ నచ్చునని తలచెదను. అంత శ్రమ మనకు అక్కరలేదు. ఆకుపచ్చ వలగుడ్డ ఒకటి నాలుగు కఱ్ఱలకు కట్టినచో చాలును. ఆగియున్న కారో జీపో దానికంటెను మేలు. చక్రములుగల వస్తువును పక్షులు మనుష్యునిగా భావింపవు. కిటికీ అంచున బియ్యపు సంచిని చిన్న దిండుగా నుంచి, దానిపై కెమెరా నానించి, ఇంజను ఆపి కూర్చుండినచో నడచి పోలేని దగ్గరతనము దొరకును. తలుపు తెరచి దిగినంతనే ఆ మాయ భగ్నమగును.

కొత్తగా ఆరంభించువారు ఎచ్చట ఆరంభింపవలెను? గుడ్డికొంగతో ఆరంభింపుడని నా సలహా. చెరువుగట్టున మట్టిరంగుతో మట్టిలో కలసి కూర్చుండి, మనము మిక్కిలి చేరువకు వచ్చువరకు కదలని ఈ పక్షిని చూపులేనిదని భావించి మనవారు ఆ పేరు పెట్టిరి. దానికి చూపు చక్కగా కలదు. తన రంగుపై దానికి నమ్మకము మెండు. ఎగిరినప్పుడు మాత్రమే తెల్లని రెక్కలు బయటపడును. పిదప లకుముకిపిట్ట. ఇది వేటాడు కొమ్మను అంత సులభముగా విడువదు. ఎగిరిపోయినను మరల అచ్చటికే వచ్చి వ్రాలుచుండును. కావున దాని వెంట పరుగిడక, కొమ్మపై కెమెరా గురిపెట్టి కూర్చుండుటే తెలివి. నీటికాకి మునిగి లేచి, మొద్దుపై రెక్కలు చాచి ఆరబెట్టుకొనునప్పుడు మనకు కావలసినంత వ్యవధి ఇచ్చును. తీతువుపిట్టతో మాత్రము జాగ్రత్త. అది చెరువునకు కావలివాడు. మనలను ముందుగా చూచి అది కేక పెట్టినచో చిలువలు, బొల్లికోళ్లు అన్నియు హెచ్చరిల్లును. తీతువును ఒప్పించినవాడు చెరువునంతయు ఒప్పించినవాడే.

వెలుతురును గూర్చి నాలుగు మాటలు. సూర్యుడు మన వీపువైపు ఉండవలెనని అందరు చెప్పుదురు. గాలియు మన వీపువైపు నుండియే వీచినచో మరియు మంచిదని కొందరే చెప్పుదురు. పక్షులు గాలికి ఎదురుగా లేచును, గాలికి ఎదురుగా వ్రాలును. అనగా అప్పుడు వాని ముఖము మనవైపు ఉండును. కెమెరాను ఎంత క్రిందికి దించితిమో చిత్రము అంత బాగుండును. గట్టుపై నిలబడి తీసినచో పక్షి వెనుక బురద కనబడును. నేలపై పండుకొని తీసినచో దూరపు నీరు మృదువైన తెరగా మారి, పక్షి మన కన్నులలోనికి చూచును. ప్రాతఃకాలమున రెండు గంటలు, సాయంకాలమున ఒక గంట — ఇంతే మన కచేరీవేళ. ఎండ ముదిరిన పిదప నీటిపైనను రాళ్లపైనను గాలి కాగి అలలాడును. దూరదర్శకపు కటకములో ఆ అలజడి చిత్రమును మసకబార్చును. దానిని ఏ యంత్రమును పిదప సరిచేయలేదు.

పక్షి కంటిపై స్పష్టత నిలుపుడు. కన్ను స్పష్టముగా నుండి రెక్క మసకైనను చిత్రము బ్రతుకును. కన్ను మసకైనచో తక్కిన దంతయు వ్యర్థము. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు, ఎగురు పక్షికి 2000వ వంతు తెరపు వేగము పెట్టుకొనుడు. తెల్లకొంగను తీయునప్పుడు వెలుతురును కొంచెము తగ్గింపుడు. లేనిచో దాని ఈకలు సున్నము పూసిన గోడవలె తెల్లబారి, ఈకకును ఈకకును భేదము తెలియకపోవును. నల్లని నీటికాకికి కొంచెము హెచ్చింపుడు. పెద్ద కటకములు లేవని చింతింపకుడు. దూరము సగమైనచో చిత్రములో పక్షి పొడవు రెట్టింపగును, అది ఆక్రమించు చోటు నాలుగు రెట్లగును. కటకమునకు వెచ్చింపవలసిన ధనమును ఓరిమితో గడింపవచ్చునను లెక్క ఇందున్నది. బైనాక్యులరు కంటిభాగమునకు చరవాణి కటకమును జతపరచి, చక్కని చిత్రములు తీయువారు గలరు.

మన ఊరి విషయమున రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. గని ప్రాంతములలోను, భద్రతాదళముల స్థావరముల యొద్దను, రైలు వంతెనల యొద్దను అనుమతిలేక కెమెరా ఎత్తరాదు. ఏ చెరువునకు పోవుచున్నారో ఇంటివారికి, కావలివారికి ముందుగా చెప్పి, ఇద్దరు ముగ్గురు కలసి పొండు. పొదల మాటున దాగి పెద్ద కటకము గురిపెట్టిన మనిషిని చూచి అనుమానపడువాడు తన విధిని తాను చేయుచున్నాడని గ్రహింపుడు. రెండవది: ఖనిజపు బురద నిలువచేయు చెరువులలోనికి ఎట్టి పరిస్థితిలోను దిగరాదు. పైపొర ఎండి గట్టినేలవలె కనబడును. క్రింద ఊబి యుండును. కొంగ బరువు వేరు, మన బరువు వేరు.

ఇంతవరకు చెప్పినది చెరువుగట్టు మాట. గూళ్ల మాట వేరు. గూటిపై నున్న పక్షి ఎగిరిపోదు, పిల్లలకొరకు నిలిచియుండును. అందుచేత గూటి చిత్రము సులభమని తలచి, దానికి ఎగబడువారు కలరు. తల్లి భయపడి పది నిమిషములు లేచిపోయినచో మన ఎండలో గ్రుడ్లు మాడిపోవచ్చును. కాకులు ఆ పది నిమిషముల కొరకే కనిపెట్టుకొని యుండును. చిత్రము కొరకు గూటి ముందరి కొమ్మలను విరిచినచో తల్లి ఎన్నుకొన్న మరుగును మనము దోచుకొన్నట్లే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము వేట అను పదమును నిర్వచించుచు, అడవిపక్షుల గ్రుడ్లను గూళ్లను కలతపెట్టుటను గూడ అందులో చేర్చినది. అనగా తుపాకి లేకయే, కెమెరాతోనే వేటగాడు కావచ్చును. అభయారణ్యములలో ఛాయాచిత్రములు తీయుటకు అనుమతి అవసరమని కూడ ఆ శాసనమే చెప్పుచున్నది. ఆదికావ్యము క్రౌంచపక్షి జంటలో ఒకటి నేలకూలుటతో పుట్టినదని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆ కథ వినుచు పెరిగిన జాతికి ఈ శాసనము కొత్తది కాదు.

పక్షి మనలను శిక్షించిన సందర్భములును కలవు. ఎరిక్ హోస్కింగ్ అను సుప్రసిద్ధ ఆంగ్ల ఛాయాగ్రాహకుడు 1937లో గుడ్లగూబ గూటి యొద్దకు రాత్రివేళ పోగా, అది గోళ్లతో తాకి అతని కన్ను ఒకటి పోగొట్టినది. ఆ మహానుభావుడు మిగిలిన కంటితో జీవితాంతము పక్షుల చిత్రములే తీసెను, పక్షిని నిందింపలేదు.

గూళ్ల వలస ఎంత సున్నితమైనదో కొల్లేరు చరిత్ర చెప్పుచున్నది. కె. కె. నీలకంఠన్ అను పక్షి పరిశీలకుడు 1946లో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల గూళ్ల వలసను లోకమునకు తెలిపెను. సుమారు 3000 జంటలతో నాటికి తెలిసిన వలసలలో అదియే పెద్దది. 1975 ప్రాంతమునకు అది కనుమరుగైనది. మూడు దశాబ్దములు నిండకమునుపే అంతటి సంసారము చెదరినది. పిదప చాలకాలమునకు కైకలూరు చేరువ ఆటపాకలో గూడబాతులు మరల కాపురము పెట్టినవి. కూర్చుండుటకు మంచెలు, మనుష్యుల కాపుదల దొరకగా వచ్చినవి. సూళ్లూరుపేట సమీపమున 1976లో అభయారణ్యమైన నేలపట్టులోను నీట నిలిచిన కడపచెట్లపై అవి గూళ్లు కట్టుచున్నవి. వెళ్లిన పక్షి తిరిగి రావచ్చును. కాని దాని షరతులు అది పెట్టును.

ఇక రెండవ భాగమునకు వచ్చెదను: తీసిన చిత్రమును మెరుగుపరచుట. ఇచ్చట నా ఉద్యోగమునుండి ఒక ఉపమానము చెప్పుదును. కార్యాలయములో చిత్తుప్రతి, శుద్ధప్రతి అని రెండుండును. చిత్తుప్రతిలోని వ్రాత కుదురుగా లేకున్న కుదురు చేయవచ్చును, సిరా మరకను తొలగింపవచ్చును, అంచులు కత్తిరింపవచ్చును. అందులోని అంకెను మార్చరాదు, లేని వాక్యమును చేర్చరాదు, ఉన్న అభ్యంతరమును తుడిచివేయరాదు. అట్లు చేసినచో అది శుద్ధప్రతి కాదు, దొంగప్రతి. ఛాయాచిత్రపు మెరుగుకును ఇదియే న్యాయము. హంసకు పాలను నీటిని వేరుపరచు శక్తి కలదని మనవారు చెప్పిరి. నీటిపక్షుల చిత్రములు తీయువారికి ఆ క్షీరనీర వివేకము మరింత అవసరము.

క్రమము చెప్పెదను. కెమెరాలో 'రా' ఫైలు తీయు వీలున్న దానినే తీయుడు. అది కడుగని నెగటివువంటిది, మెరుగునకు అవకాశము అధికము. మొదట దిగంతరేఖ వాలియున్నచో సరిచేయుడు. నీరు ఎచ్చటను వాలియుండదు. పిదప కత్తిరింపుడు, పక్షి చూచు దిక్కున కొంత చోటు వదలుడు, లేనిచో అది గోడకు ఎదురుగా నిలిచినట్లుండును. తరువాత వెలుతురు, ఛాయలు సవరింపుడు. తెల్లని ఈకలలోని వివరము కాపాడుడు. మసక వెలుతురులో తీసిన చిత్రమున ఇసుక చల్లినట్లు రేణువులు కనబడును; వానిని వెనుకనున్న నీటిలో తగ్గింపుడు, ఈకలపై తగ్గించినచో పక్షి మైనపుబొమ్మ వలె కనబడును. చిట్టచివర పదును పెట్టుడు, అదియును కంటి చుట్టు కొంచెము. పదును అతిగా పెట్టిన చిత్రములో ఈకల అంచున తెల్లని గీట్లు ఏర్పడును. పప్పులో ఉప్పువలె, వేయుట సులభము, తీయుట అసాధ్యము. మెరుగుపరచిన చిత్రమును వెంటనే పంచక ఒక రాత్రి నిద్రించి, ఉదయము మరల చూడుడు. రాత్రి అందముగా తోచిన రంగులు సగము ఉదయమునకు అతిగా తోచును.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. ఇచ్చటి వాగులు వానకాలమున ఎర్రగా పారును. ఇనుపరాతి సన్నపొడి కలసి శంఖినీనది నీరు ఎరుపెక్కుట చిరకాలముగా ఈ సీమలో అందరు ఎరిగిన విషయమే. ఆ ఎర్రనీటి అంచున తెల్లకొంగ నిలిచినప్పుడు దాని పొట్టక్రింది ఈకలపై ఎరుపు నీడ పడును. ఇంటికి వచ్చి యంత్రములో చూడగనే, మన చేయి వర్ణసమతను సవరించు మీటవైపు పోవును. ఒక్క కదలికతో ఎరుపు పోయి కొంగ మల్లెపూవువలె తెల్లబారును. నీరు గూడ నీలమగును. చిత్రము అందగించును. బంధువులు మెచ్చుకొందురు. కాని ఆ చెరువు ఎచ్చటిది? అట్టి నీరు ఇచ్చట లేదు. మనము మెరుగుపరచినది చిత్రము కాదు. మనము తుడిచివేసినది సాక్ష్యము.

ఎవరినో నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఇనుము లేక మనము వచ్చిన రైలు లేదు, ఈ కెమెరా మరయు లేదు, ఇందరి ఇండ్లలో పొయ్యి వెలుగదు. అయినను ఎర్రనీటిలో కొంగ మేయుచున్నదా, లేదా? మేయుచున్నచో నిరుటికంటె ఎక్కువ వచ్చినవా, తక్కువ వచ్చినవా? చేప దొరకని చోట కొంగ నిలువదు. కావున నీటి యోగక్షేమములను గూర్చి కొంగ ప్రతిదినము వ్రాయు నివేదిక ఆ చెరువుగట్టున నున్నది. దానికి శుద్ధప్రతి వ్రాయువాడు ఛాయాగ్రాహకుడు. కెమెరా కన్ను పొరబడి తెచ్చిన రంగును సవరింపవచ్చును; నేల ఇచ్చిన రంగును ఉంచవలెను. రెంటికిని భేదము తెలియుటకు ఉపాయమొకటి చెప్పెదను. అచ్చటనే, అదే వెలుతురులో, ఒక తెల్లకాగితము నీడలేని చోట పట్టి చిత్రము తీసియుంచుడు. కాగితము తెల్లగా వచ్చునట్లు సవరించిన పిదప కొంగపై మిగిలిన ఎరుపు నీటిదే.

ఈమధ్య యంత్రములే చిత్రములను కల్పించుచున్నవి. లేని పక్షిని, లేని చెరువులో, లేని సూర్యోదయమున నిలిపి చూపగలవు. కల్పన కల్పనగా చెప్పినచో దోషము లేదు. చిత్రకారులు యుగయుగములుగా చేసినదదియే. దానిని ఛాయాచిత్రమని చెప్పుటలోనే దోషము. కొమ్మను తొలగించినచో తొలగించితినని, రెండు చిత్రములు కలిపినచో కలిపితినని క్రింద ఒక్క పంక్తి వ్రాయుడు. ఆ పంక్తి వ్రాయుటకు సిగ్గనిపించినచో ఆ పని చేయకుండుటే మేలు.

చివరగా ఈ సంఘమునకు ఒక వినతి. మన కుటుంబములలో ఆసక్తిగలవారు, ముఖ్యముగా పిల్లలు, ఊరికి దగ్గరలో అనుమతిగల ఒక్క చెరువును ఎన్నుకొండు. నెలకొక ఆదివారము ఉదయము, అదే గట్టున, అదే చోట కూర్చుండి గంటసేపు చిత్రములు తీయుడు. ప్రతి చిత్రము వెనుక తేది, వేళ, చోటు, పక్షి పేరు, లెక్క వ్రాయుడు. పేరు తెలియనిచో తెలియదనియే వ్రాయుడు. గూళ్లున్న చోటును మాత్రము అందరికి తెలుపకుడు. సాలిం అలీ 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథము పక్కన నుంచుకొన్నచో పేర్లు క్రమముగా తెలియును. పండ్రెండు నెలలకు పండ్రెండు పుటల ఆల్బము తయారగును. పది సంవత్సరములకు ఈ చెరువు చరిత్ర తయారగును. కొల్లేటిలో 3000 జంటలుండెడివని నేడు మనము చెప్పగలుగుట ఒకరు చూచి, లెక్కించి, వ్రాసియుంచుటచేతనే. కిరండూలు చెరువును గూర్చి రేపటివారు అడిగినప్పుడు జవాబు చెప్పుటకు ఎవరో ఒకరు చూచి యుండవలెను గదా!

మన ఉద్యోగములు బదిలీలతో కూడినవి. వచ్చిన ఊరిని మనము వదలి పోదుము. మన పిల్లలకు ఈ కొండలు చిన్ననాటి జ్ఞాపకముగా మిగులును. వారితో తీసికొనిపోవుటకు అందమైన కొంగ చిత్రము ఒకటి ఉండుట మంచిదే. అది నిజమైన కొంగ, నిజమైన నీటిలో, బెదరక నిలిచినప్పటి చిత్రమైనచో అంతకంటె పెద్ద బహుమతి లేదు. బెదరక నిలిచెనన్నచో మనము దాని యెడ మర్యాదగా నడచుకొంటిమని దానియర్థము.

 ఇంతసేపు కొంగజపమువలె కదలక వినిన మీ ఓరిమిలో సగము చెరువుగట్టునకు తీసికొనిపోయినచో మీ చిత్రములు నా ప్రసంగముకంటె బాగుగా వచ్చును.